గుర్రానికిచ్చే మాట

ఆ సోమవారం పొద్దున వెర్నోల్ సంతకి బయల్దేరేటప్పుడు నాకున్నవి ఇవీ: ఖాళీ అయిన లాయం, దాని తలుపు మీద కొత్తగా రంగు వేయించిన 'దర్వాల్ కార్లు' అన్న బోర్డు, అమ్మగా మిగిలిన మూడు ఆడ గుర్రప్పిల్లలు, గుర్రాల మైదానంలో ఇన్నేళ్ళుగా చెల్లుతూ వచ్చిన నా మాట. వీటిలో ఖరీదైనది చివరిదే. కిందటి వారం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, సరిగ్గా దాన్నే నేను పరాకున తాకట్టు పెట్టేశాను.

మా పెర్ష్ ప్రాంతంలో గుర్రం బేరం కాగితం మీద కుదరదు. ఒకరు అరచెయ్యి చాస్తారు, రెండోవారు దాని మీద చరుస్తారు, అంతే. తర్వాత తొమ్మిది రోజుల్లోగా గుర్రంలో దాగి ఉన్న రోగం బయటపడితే, అమ్మినవాడు నోరెత్తకుండా వెనక్కి తీసుకోవాలి. ఎవరిస్త్ లోర్మోకి నేను నా మొదటి కారు అమ్మినప్పుడు, చెయ్యి చరిచే ముందు ఆయన అడిగాడు: "గుర్రానికిచ్చే మాటేనా?" నా నోరు అలవాటుకొద్దీ "గుర్రానికిచ్చే మాటే" అనేసింది.

ఆ గడువు ఈ సోమవారంతో తీరుతుంది. తీరకముందే లోర్మో తన నల్ల ఆడగుర్రానికి మోకు కట్టి, కారుని ఈడ్పించుకుంటూ మైదానంలోకి వచ్చాడు.

ఆ కారు నిలబడితేనే నేను నిలబడతాను. మిగతా గుర్రాలన్నీ అమ్మి దర్వాల్ ఫ్యాక్టరీకి పూచీ సొమ్ము కట్టాను. మొదటి కారు కొన్నవాళ్ళ దగ్గర శీతాకాలం దాకా ఉంటే రెండోది అరువు మీద పంపుతామన్నారు. తిరిగొస్తే బోర్డు దించాలి, పూచీ వాళ్ళకి పోతుంది.

లోర్మో నల్లగుర్రాన్ని నా ముందు ఆపాడు. మా వైపు గుర్రాల పెంపకందార్ల సంఘానికి పెద్ద ఆయనే. నీలం చొక్కా, మెడలో ఎర్ర రుమాలు, నడుము మీద రెండు చేతులు.

"అన్సెల్మూ, నీ సరుకు నీకు తెచ్చాను."

"ఏమైంది దానికి?"

"గురక."

గురక అంటే నిద్రలో వచ్చేది కాదు. కొన్ని గుర్రాలని పరిగెత్తిస్తే గొంతులోంచి ఈల లాంటి రొద వస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఏమీ తెలియదు. వెనక్కి ఇవ్వదగిన రోగాల్లో చట్టం రాసిపెట్టిన రోగం అది.

చుట్టూ జనం మూగారు. సంతలో ఇలాంటిది దొరికితే ఎవరూ వదులుకోరు.

"ముక్కే లేనిదానికి గురకెక్కణ్ణుంచి వచ్చిందిరా?"

"ముందు పళ్ళు చూడండి, వయసు తెలుస్తుంది."

"అన్సెల్మ్ అమ్మిన గుర్రాలకి పళ్ళు అరగదీసే ఉంటాయి, చూసి లాభం లేదు."

నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజమనుకుంటారు. కానీ గుంపులో నిలబడ్డవాళ్ళలో కారు కొందామా వద్దా అని వేసవి అంతా ఊగుతున్నవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళు నవ్వడం లేదు, చూస్తున్నారు.

పశువుల డాక్టరు కెనెల్ అక్కడే, యాపిల్ కల్లు దుకాణం బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సంత రోజున తగాదాలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి కాబట్టి ఆయన ఇంకెక్కడా కూర్చోడు.

"నన్ను చూడకండి," అన్నాడు ఆయన. "చట్టంలో గుర్రం, గాడిద, కంచరగాడిద అని రాసి ఉంది. పెట్రోలు తాగే జంతువు గురించి లేదు. అన్సెల్మ్ ఒప్పుకుంటే తప్ప నేను లేచే పని లేదు."

అందరి మొహాలూ నా వైపు తిరిగాయి.

కాదనడానికి నాకు హక్కుంది. చట్టం నా పక్కన ఉంది. కానీ కాదన్న మరుక్షణం నుంచి అన్సెల్మ్ త్రెహార్ మాటకి ఒక 'కాకపోతే' తగులుకుంటుంది. 'అతని మాట మంచిదే, కాకపోతే...' అని. అలాంటి మాటతో గుర్రాన్ని కాదు కదా, గుర్రపు నాడాని కూడా అమ్మలేం.

"లేవండి డాక్టరుగారూ," అన్నాను. "గుర్రానికిచ్చే మాటే ఇచ్చాను. గుర్రాన్ని చూసినట్టే చూడండి."

కెనెల్ గ్లాసు ఖాళీ చేసి లేచాడు. కారు దగ్గరికి ఎదురుగా వెళ్ళలేదు. పక్కనుంచి వచ్చి, బెదరకుండా ఉండటానికి అన్నట్టు ముందు చక్రం మీది రేకుని అరచేత్తో మెల్లగా తట్టాడు. అలవాటు. ముదురు ఆకుపచ్చ రంగు, నలుగురు కూర్చునే తోలు సీట్లు, ముందు రెండు ఇత్తడి దీపాలు, ఒకే ఒక్క సిలిండరు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి తీర్పు చెప్పే గొంతు సవరించుకున్నాడు.

"నిలబడితే గురక పట్టుబడదు. మైదానం చుట్టూ తిప్పాలి. రోజూ తోలేవాళ్ళే తోలాలి. కొత్త చేతిలో జంతువు కొత్తగా ఉంటుంది. ఎవరిస్త్, ఎక్కు."

లోర్మో నల్లగుర్రం మెడ నిమురుతూ ఉండిపోయాడు.

"ఎక్కవయ్యా."

"నేను కాదు."

"మరి? జీతగాడా?"

గుంపు వెనకనుంచి ఎవడో అందుకున్నాడు. "ఆ బండి తోలేది మేడమ్ లోర్మో. ఆదివారం మా కోళ్ళన్నీ ఆవిడకి లేచి దారిచ్చాయి."

వెన్న బజారు మైదానానికి అవతలే, చర్చి పక్కన పైకప్పు వేసిన పొడుగాటి సాల. ఆవిడ వెన్న అమ్మేది అక్కడే. కబురు వెళ్ళింది. ఫిలొమేన్ లోర్మో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెల్ల కుచ్చు టోపీ, మోచేతుల పైకి మడిచిన గౌను చేతులు, ఒంటినిండా తాజా వెన్న వాసన. కారుని చూసింది, మోకుని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఏమయ్యా, నేను వెన్న బుట్టలు తీసుకుని ఇటు రాగానే నువ్వు బండి తోలుకొచ్చావా?"

"తోలుకురాలేదు. ఈడ్చుకొచ్చాను."

"అదీ నిజమే. తోలడం నీకెక్కడ వచ్చు?"

గుంపు గొల్లుమంది. లోర్మో చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ అది పట్టించుకోకుండా నా వైపు తిరిగింది.

"ఏంటి త్రెహార్ గారూ, తీసేసుకుంటున్నారా?"

"డాక్టరుగారు గురక ఉందంటే తీసుకోవాలి, మేడమ్."

"ఎత్తు ఎక్కేటప్పుడు ఈల వేస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. నాకేం అడ్డం కాలేదు. మా ఆయనా వేస్తాడు, నేను వెనక్కి ఇచ్చానా?"

అని మోకు విప్పి పక్కన పడేసింది. కారు ముందుకొచ్చి ఇంజను తిప్పే హేండిలు పట్టుకుంది. బొటనవేలు చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ళ పక్కనే పెట్టుకుంది. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది బొటనవేలు తిప్పినవాళ్ళకే. ఇది నేను లోర్మోకి ఒక మధ్యాహ్నమంతా చెప్పాను. ఆవిడ అప్పుడు బీన్స్ ఒలుచుకుంటూ గుమ్మంలో కూర్చుని ఉంది.

రెండో తిప్పుకి ఇంజను అందుకుంది. ఆవిడ ఎక్కి కూర్చుంది, బండి కదిలింది. వరసల్లో కట్టేసిన గుర్రాలు చెవులు వెనక్కి వాల్చి పక్కకి జరిగాయి. డాక్టరు కెనెల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కారు పక్కనే జోరుగా నడిచాడు. చదునులో ఏమీ లేదు. చర్చి గోడ దగ్గర నేల ఎత్తుగా లేస్తుంది. అక్కడికి వెళ్ళేసరికి వినబడింది. పొడుగ్గా, సన్నగా, గొంతు బిగిసిన ఈల. నేను అమ్మిన రోజున అది లేదు.

కెనెల్ చెయ్యెత్తాడు. ఆవిడ ఆపింది.

"ఉంది," అన్నాడాయన.

ఆ ముగ్గురిలో ఒకడు గోధుమగడ్డి బళ్ళ వైపు నడుస్తూ వెళ్ళిపోవడం నాకు కనబడింది.

"ఉన్నంత మాత్రాన అయిపోలేదు. గొంతు చూడాలి," అన్నాడు కెనెల్. "గాలి ఎటునుంచి పీలుస్తుంది ఇది?"

ఇంజను మూత ఎత్తి కార్బురేటరు గాలి గొట్టం చూపించాను. ఆయన కోటు తీసి నా చేతికిచ్చి, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. దూడని బయటికి లాగేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో అలా పెట్టి, రెండు వేళ్ళు గొట్టంలోకి దూర్చాడు. కాసేపు అటూ ఇటూ వెతికాడు. పట్టుకున్నాడు. లాగాడు.

ఉన్ని. నూనెలో తడిసి ఉండకట్టింది. అయినా ఎరుపు చార, నీలం చార తెలుస్తూనే ఉన్నాయి. పైకెత్తి చూపించాడు. ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. జిల్లా పోటీల్లో బహుమతులు గెలిచిన లోర్మో పోతుగుర్రాలు కప్పుకునే కంబళ్ళు అవి.

"ఎవరిస్త్, ఇది నీ కంబళి."

"నాదే."

"దీని గొంతులోకి ఎలా వెళ్ళింది?"

"ఎలా వెళ్ళిందంటే, కప్పాను." లోర్మో చుట్టూ చూశాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "పరిగెత్తి వచ్చింది, ఒళ్ళు కాలిపోతోంది, ముక్కులోంచి పొగలు. సెప్టెంబరు గాలిలో దాన్ని అలా వదిలేస్తారా?"

"ఇంజను ఆగకముందే కప్పావా? అందుకే గాలితోపాటు ఉన్నిని కూడా పీల్చేసింది."

"ఆగాక కప్పితే ఏం లాభం? అప్పటికే చలి పట్టేస్తుంది."

దీనికి జనం నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నలుగురైదుగురు ముసలివాళ్ళు అవునన్నట్టు తల ఊపారు. గుర్రం విషయంలో అది నూటికి నూరుపాళ్ళూ నిజం. నేనైనా గుర్రానికి అలాగే కప్పేవాణ్ణి.

ఫిలొమేన్ ఇంజను మళ్ళీ తిప్పింది. చర్చి గోడ ఎత్తు ఎక్కించింది. ఈల లేదు. కెనెల్ కోటు తొడుక్కున్నాడు.

"అమ్మినప్పుడు లేని జబ్బు. కొన్నవాడి లాయంలో పట్టుకుంది. అమ్మినవాడికి బాధ్యత లేదు. ఎవరిస్త్, నా గ్లాసు నీ ఖాతాలో."

నేను గెలిచాను. గుంపు పలచబడింది. గడ్డిబళ్ళ దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి వచ్చాడు. అయితే లోర్మో మాత్రం కదల్లేదు. మోకు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"తీసుకెళ్ళను," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

ఆయన్ని నీళ్ళ తొట్టి వెనక్కి తీసుకెళ్ళాను.

"కంబళి కప్పినవాడివి. వద్దనుకున్నదానికి ఎవడూ బహుమతి గుర్రం కంబళి కప్పడు. అసలు సంగతి చెప్పు."

"చెప్పడానికేముంది."

"ఏమీ లేకపోతే ఇంటికి తీసుకుపో."

ఆయన తొట్టిలో నీళ్ళకేసి చూస్తూ మాట్లాడాడు. "ఆదివారం చర్చికి వెళ్ళాం. ఆవిడ తోలుతోంది. వెనక మా అమ్మ జపమాలతో, ఇద్దరు పిల్లలు. నేను ఆవిడ పక్కన. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు, అన్సెల్మూ. పెద్దవాణ్ణయ్యాక చేతిలో పగ్గం లేకుండా చర్చికి వెళ్ళడం ఎరగను. మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. ఫోటో తీయించుకోవడానికి వచ్చినవాడిలా."

"నేర్చుకో."

"ఎక్కలేదనుకున్నావా? జీను రికాబుల్లో ఆనించినట్టు రెండు కాళ్ళూ ఆనించి రెండు పెడళ్ళూ ఒకేసారి తొక్కుతాను. ఒంట్లో ఉన్న అలవాటు, పోదు. అది అరుస్తుంది, అంగుళం కదలదు. మా అమ్మ వెనకనుంచి ఏమందో తెలుసా? 'లేచి కోడలికి ఇవ్వరా, పూజకి ఆలస్యమవుతోంది' అంది."

నాకు నవ్వొచ్చింది, మింగేశాను.

"ఇంటికి తీసుకెళ్తే ఏం చేస్తావు?"

"కొట్టంలో పెట్టి పైన గడ్డి వేస్తాను."

అక్కడ నేను లెక్క వేసుకున్నాను. డాక్టరు తీర్పుతో డబ్బు నాదే, బేరం నాదే. కానీ లోర్మో కొట్టం రోడ్డు పక్కనే ఉంది. వచ్చేపోయే ప్రతివాడూ గడ్డి కింద ఇత్తడి దీపం మెరవడం చూస్తాడు. అమ్ముడుపోని కారు ఒక్కసారే నష్టం. గడ్డి కింద పడున్న కారు రోజూ నష్టం. ఇక రెండో వైపు చూస్తే, మైదానం మధ్యలో ఒక మనిషి గొట్టంలో మిగిలిన ఉన్ని పోగుల్ని జడపిన్నుతో ఒక్కొక్కటే లాగుతూ కూర్చుంది. ఎవరూ ఆవిడకి ఆ పని చెప్పలేదు.

నేను గుంపు మధ్యకి వచ్చి అందరికీ వినబడేలా అన్నాను. "డాక్టరుగారు నన్ను వదిలేశారు. అయినా ఎవరిస్త్‌కి ఇష్టం లేని సరుకు నేను అంటగట్టను. వెనక్కి తీసుకుంటాను. ఆయనిచ్చిన డబ్బు ఫ్యాక్టరీకి పోయింది. దాని బదులు ఇవిగో, ఈ మూడు గుర్రప్పిల్లలు. ఎవరిస్త్, చూసుకో."

లోర్మో నమ్మలేదు. నమ్మకపోయినా చూసుకున్నాడు. పళ్ళు, గిట్టలు, మోకాళ్ళ వెనక నరాలు, ఒక్కటీ వదల్లేదు. కారు ధరకి సరిపోతాయని, ఆ పైన కాస్త మిగులుతుందని కూడా ఆయనకి తెలిసిపోయింది. పగ్గాలు అందుకుని నా చెయ్యి చరిచాడు. బేరం విడిపోయింది.

ఫిలొమేన్ జడపిన్ను తలలో పెట్టుకుంది.

"అయితే ఇప్పుడు ఈ బండి ఎవరిది?"

"నాదే, మేడమ్."

"దాచుకుంటారా, అమ్ముతారా?"

"అమ్మకపోతే మేం తినేదేముంది?"

"ఎంతకి?"

"మీ ఆయనిచ్చినంతకే."

"అప్పుడు కొత్తది. ఇప్పుడు వాడినది. పైగా గొంతు జబ్బు చేసి లేచింది."

"గొంతు జబ్బు మీ ఇంటి కంబళిదే కదండీ."

"ఎవరి కంబళైనా జబ్బు జబ్బే. శీతాకాలమంతా పెట్రోలు మీది."

"నెలకి రెండు డబ్బాలు."

"మూడు."

"మూడు ఇస్తాను, ధర తగ్గించను."

"సరే."

లోర్మో పగ్గాలు పట్టుకునే వచ్చాడు. "దేనితో కడతావు?"

"వెన్నతో."

ఎవరూ నవ్వలేదు. మా వైపు పొలం మీద వచ్చేది మొగుడిది, గుడ్లూ వెన్నా పెళ్ళానివి. ఆ డబ్బెంతని అడిగే మొగుడు లేడు, చెప్పే పెళ్ళామూ లేదు. పెళ్ళయినప్పటినుంచి ఆవిడ వెన్న సొమ్ము పోస్టాఫీసు పొదుపు పుస్తకంలో చేరుతూనే ఉందట. సగం ధర రేపు పొద్దున, మిగతాది వచ్చే ఏడాది సంతసంతకీ.

ఆవిడ అరచెయ్యి చాపింది.

గుర్రాల మైదానంలోకి ఆడవాళ్ళు అన్నం కేరేజీతో వస్తారు, మొగుణ్ణి యాపిల్ కల్లు దుకాణంలోంచి లేపడానికి వస్తారు. అక్కడ ఆడదాని చేతి మీద బేరం చరిచినవాణ్ణి నేను చూడలేదు, మా నాన్నా చూడలేదు.

"చరచకు, అన్సెల్మూ," అన్నాడు వెనకనుంచి ఎవడో.

"చరిచాడంటే రేపు మా ఆవిడ నా ఎద్దుల్ని తోలుకొస్తుంది."

"ఎద్దులతో ఊరుకుంటుందా, నిన్నూ తోలుకొస్తుంది."

"ఫిలొమేన్," అన్నాడు లోర్మో. అంతే అన్నాడు.

ఆవిడ చెయ్యి అలాగే ఉంది. నేను చరిచాను. చల్లటి చెయ్యి, చిలికి చిలికి గట్టిపడిన చెయ్యి.

"గుర్రానికిచ్చే మాటేనా?" అని అడిగింది.

ఈసారి నోటిని ముందు పరిగెత్తనివ్వలేదు. "కాదు మేడమ్. కారుకిచ్చే మాట. అదేమిటో ఇంకా ఎవరికీ తెలీదు. మీరూ నేనూ కలిసి తేల్చుకోవాలి."

మూడు గుర్రప్పిల్లల్ని ఇచ్చేటప్పుడే ఆవిడ కొంటుందని లెక్క వేశావా అని తర్వాత చాలామంది అడిగారు. వేశాను. జడపిన్ను చూసినప్పుడే వేశాను.

నేను వెయ్యని లెక్క ఒకటుందని డాక్టరు కెనెల్ చెప్పాడు. నన్ను బల్ల దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాడు.

"పొదుపు పుస్తకం ఆవిడ పేరున ఉండొచ్చు. డబ్బు తీసేలోగా మొగుడు పోస్టాఫీసుకి వెళ్ళి నాకు అభ్యంతరం అని రాసిచ్చాడనుకో, వాళ్ళు ఇవ్వరు. చట్టం అది. రేపు పొద్దున ఆవిడ డబ్బు చేత పట్టుకునేదాకా నువ్వు కారు అమ్మలేదు, అన్సెల్మ్. గుర్రాల్ని మాత్రం ఇచ్చేశావు."

"ఈ సంగతి లోర్మోకి తెలుసా?"

"సంఘం పెద్ద. తెలియకుండా ఎలా ఉంటుంది?"

మధ్యాహ్నం దాటాక సంత సర్దుకుంటున్న వేళ లోర్మో వచ్చాడు. నా గుర్రప్పిల్లలు, ఇక ఆయనవి, నల్లగుర్రం వెనక వరసగా కట్టి ఉన్నాయి.

"సంఘం వాళ్ళం మాట్లాడుకున్నాం," అన్నాడు. "వచ్చే సంత నుంచి ఈ మైదానంలో నీ చెయ్యి ఎవరూ చరచరు."

"నువ్వూనా?"

"ముందు నేనే చెప్పాను."

"ఆవిడ చెయ్యి చరిచినందుకా?"

"అందరి ముందూ చరిచినందుకు."

ఫిలొమేన్ అప్పుడు ఖాళీ బుట్టలు కారు వెనక సీటులో పేరుస్తోంది. విననట్టే ఉండి అంతా వింది.

"త్రెహార్ గారూ, మా వెన్న బజారులో మూడో స్తంభం పక్కన చోటుంది. కోళ్ళమ్మే రోజాలీ కాలు విరిగి రావడం మానేసింది. మార్కెట్టు గుమాస్తాకి నేను చెప్తాను. మీరు అమ్మే కారు నిలబెట్టుకోవడానికి సరిపోతుంది, కాస్త కోళ్ళ వాసన వస్తుంది గానీ."

"కోళ్ళు చరచడానికి చెయ్యి అడగవు కదండీ," అన్నాను.

"మేం అడుగుతాం."

"ఇంటికి తెచ్చి ఎక్కడ పెడతావు దాన్ని?" లోర్మో భార్యని అడిగాడు. "నా లాయంలో చోటు లేదు. కొట్టంలోనూ లేదు."

"నేను అడగలేదుగా. పెరట్లో పెంటకుప్ప పక్కన నిలబెడతాను. ఆకాశం నీది కాదనుకుంటా."

ఆవిడ ఇంజను తిప్పింది, ఎక్కింది, వెళ్ళిపోయింది. చర్చి గోడ ఎత్తు ఎక్కుతుంటే ఇద్దరం చెవులు రిక్కించాం. ఈల లేదు.

లోర్మో వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. మోకుని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. పడమట మబ్బు పట్టింది.

"వానలో తడిస్తే ఏమవుతుంది దానికి?" అన్నాడు.

"చెక్క ఉబ్బుతుంది. ఇనుము తుప్పు పడుతుంది. తోలు పగులుతుంది. శీతాకాలం అయ్యేసరికి దాన్ని ఎవరూ తోలలేరు. ఆవిడైనా సరే."

"ఊఁ."

మబ్బుకేసి చూశాడు. నల్లగుర్రం పగ్గాన్ని తొట్టి పక్కన ఇనుప కడియానికి వేసి ముడి బిగించాడు. నన్ను చూసుకోమని గానీ, వస్తానని గానీ అనలేదు. మైదానం దాటి, తిరగలి వీధి మొగలో కుడికి మళ్ళాడు.

తిరగలి వీధిలో రెండే తలుపులు ఆ వేళకి తెరిచి ఉంటాయి. ఒకటి పోస్టాఫీసు, అభ్యంతరం రాసిచ్చేది అక్కడే. రెండోది వడ్రంగి కొట్టు, పందిళ్ళూ పశువుల సాలలూ కట్టేది వాళ్ళే.

నేను తొట్టి అంచు మీద కూర్చుని ఆ రోజు లెక్క చూసుకున్నాను. పోయినవి: మూడు గుర్రప్పిల్లలు, ఇరవై ఏళ్ళు నిలబడ్డ మైదానం, నా చెయ్యి ముందుగా చరిచే స్నేహితుడు. వచ్చినవి: కోళ్ళ పక్కన ఒక చోటు, ఇంకా ఎవరికీ అర్థం తెలియని ఒక మాట, దాన్ని నాతో కలిసి తేల్చడానికి ఒప్పుకున్న ఒక్క కొనుగోలుదారు. ఒకే కారుని రెండుసార్లు అమ్మాను, చేతిలో ఒక్క సూ నాణెం కూడా లేదు. లాభమో నష్టమో రాయాల్సిన చోట ఖాళీ ఉంచాను. ఆ అంకె తిరగలి వీధిలో ఉంది. చినుకులు మొదలయ్యే వేళకి వీధి మొగలో లోర్మో మళ్ళీ కనబడ్డాడు. చేతిలో ఏదో పట్టుకొస్తున్నాడు. కాగితమో, చెక్కముక్కో, అంత దూరాన్నుంచి నాకు ఆనలేదు.